రివర్స్ పడని జెట్ పడవ కొన్న మేనకోడలికి

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ నీ స్నేహితులూ డబ్బులు పోగేసుకుని ఒక పాత జెట్ పడవ కొన్నారనీ, ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు మొదలయ్యేలోగా దాన్ని బాగుచేసి చెన్నై వేళచ్చేరిలో సిద్ధంగా పెట్టాలనుకుంటున్నారనీ చెప్పింది. 2015 డిసెంబరులో ఆ వీధులు ఎలా ఉన్నాయో, 2023లో మిచాంగ్ తుపానుకి మళ్ళీ ఎలా మునిగాయో మనందరికీ తెలుసు. నీ ఆలోచన విని ఛాతీ ఉప్పొంగింది. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు.

"గేరు సరిగ్గా పడట్లేదు, రివర్స్ అసలే లేదు, కేబుల్ కొంచెం బిగిస్తే సరిపోతుందట" అన్నావట. ఆ "బిగిస్తే సరిపోతుంది" అన్న మాట మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు. సగం చదివి స్పానర్ పట్టుకోకు.

అసలు మీ పడవలో గేరు లేదు. ఔట్‌బోర్డు మోటారులో లాగా పళ్ళచక్రాలు కలవడం, విడిపోవడం దీనికి లేదు. ఇంజను షాఫ్టు తిన్నగా వెళ్ళి పంపులోని ఇంపెల్లర్‌కి, అంటే రెక్కల చక్రానికి కలుస్తుంది. ఇంజను తిరిగినంతసేపూ ఇంపెల్లర్ తిరుగుతుంది, పడవ అడుగునున్న జల్లెడ గుండా నీళ్ళు పీలుస్తుంది, వెనక నాజిల్ గుండా చిమ్ముతుంది. నువ్వు లీవరు వెనక్కి లాగినప్పుడు జరిగేదల్లా కేబుల్ కదిలి, నాజిల్ వెనకున్న దొప్ప ఒకటి కిందికి దిగి ధారకు అడ్డం పడటమే. ధార వంగి, పడవ కిందుగా ముందువైపుకి మళ్ళుతుంది, పడవ వెనక్కి నడుస్తుంది. ఆ దొప్పనే బకెట్ అంటాం, కొందరు గేట్ అంటారు. న్యూట్రల్ అంటే బకెట్ సగం దాకా దిగడం. కొంత ధార వెనక్కి, కొంత ముందుకి పోయి రెండు తోపులూ సమానమవుతాయి. తక్కెడ ముల్లు మధ్యలో నిలిచిందంటే తట్టల్లో బరువు లేదని కాదు గదా. ఇదీ అంతే.

అందుకే చెప్తున్నాను, లీవరు పెట్టె మీద "ఎన్" (న్యూట్రల్) అన్న అక్షరం చూసి పడవ ఊరుకుందని ఎప్పుడూ అనుకోకు. లీవరు నువ్వు ఏం కోరావో చెప్తుంది. జరిగింది ఏమిటో బకెట్ దగ్గర చూడాలి.

ఇక పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. పడవ ట్రైలరు మీద ఉండాలి, చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టాలి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి, తాళం నీ జేబులో ఉండాలి. చున్నీ వద్దు, జుట్టు ముడేసుకో. ఈ మాట ప్రతిసారీ చెప్తాను, విసుక్కోకు. షాఫ్టుకి చుట్టుకున్న తాడు ఎంత బిగువుగా ఉంటుందో, దాన్ని ఊడదీయడానికి రంపం ముక్కతో ఒక్కో పోగూ ఎలా కోయాలో చూసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పకుండా ఉండలేరు.

మొదటి ప్రశ్న: ముందుకి పోయేటప్పుడు పడవలో బలం ఉందా? ఈ ఒక్క ప్రశ్నతో సగం వెతుకులాట తప్పుతుంది. ముందుకి దూకుడుగా పోతూ వెనక్కి మాత్రం రాకపోతే పంపు బాగానే ఉన్నట్టు. తప్పు బకెట్‌లోనో, కేబుల్‌లోనో, లీవరు పెట్టెలోనో ఉంది. ముందుకీ నీరసంగా ఉండి, ఇంజను మాత్రం రొద పెడుతూ పైకి తిరుగుతుంటే కేబుల్ జోలికి పోవద్దు. జల్లెడలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచి ఇరుక్కున్నాయేమో చూడు. మన చెన్నై నీళ్ళలో పదిసార్లకు ఎనిమిదిసార్లు అదే. అది శుభ్రంగా ఉంటే ఇంపెల్లర్ రెక్కల అంచులు చూడు, రాయి తగిలి నొక్కులు పడ్డాయేమో. తర్వాత రెక్కకీ చుట్టూ ఉన్న వేర్ రింగుకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టి కొలువు. ఒక్కచోట కాదు, నాలుగువైపులా. సరైన అంకె మీ పంపు మాన్యువల్‌లో ఉంటుంది. ఈ చిన్న పంపుల్లో ఆ సందు 0.6 మిల్లీమీటర్లు దాటిందంటే నీళ్ళు రెక్కల పక్కనుంచి వెనక్కి జారిపోతాయి. అప్పుడు బకెట్‌ను ఎంత సరిచేసినా రివర్స్ రాదు, అసలు ధారే లేదు కాబట్టి.

మీది ముందుకి బాగానే పోతోందట. కాబట్టి మనం చూడాల్సింది ఆ మూడు చోట్లే.

ఒక గోళ్ళరంగు సీసా తెచ్చుకో. ఎర్రదైతే మేలు, ఉప్పునీటిలో ఉన్నా కొన్ని వారాలు నిలుస్తుంది. బకెట్‌ను చేత్తో పూర్తిగా పైకెత్తి, దాని పక్క అంచు మీదా ఆ ఎదురుగా కదలని పంపు ఒంటి మీదా కలిసేలా ఒక గీత గియ్యి. పూర్తిగా దించి ఇంకొకటి. మధ్యలోది ఇప్పుడు గీయకు, అది నీళ్ళలో తేలాలి. ఇప్పుడు నీ స్నేహితురాలిని లీవరు దగ్గర కూర్చోబెట్టి, నెమ్మదిగా ముందుకీ వెనక్కీ తోయమను. నువ్వు వెనక కూర్చుని చూడు. లీవరు ముందు గాడిలో పడ్డప్పుడు పై గీతలు కలిశాయా? వెనక గాడిలో పడ్డప్పుడు కింది గీతలు కలిశాయా? లీవరు కదలడం మొదలయ్యాక బకెట్ కదలడానికి ఎంతసేపు పట్టింది? ఆ ఆలస్యాన్నే ప్లే అంటాం. ఎంత ప్లే ఉందో స్కేలు పెట్టి కొలిచి కాగితం మీద రాసుకో. రాయకపోతే రేపు "కొంచెం తగ్గినట్టుంది" అంటావు. తగ్గిందో లేదో ఎవరికీ తెలియదు.

తర్వాత బకెట్ దగ్గర కేబుల్ విప్పు. ఒక స్ప్లిట్ పిన్, ఒక వాషరు, కేబుల్‌ను బకెట్‌కి కలిపే గూటం పిన్ను (క్లెవిస్ పిన్) ఉంటాయి. విప్పిన వరుసలోనే గుడ్డ మీద పేర్చు. స్ప్లిట్ పిన్ పారెయ్యి, ఒకసారి వంచి తీసిన పిన్ను మళ్ళీ వాడకూడదు. ఇప్పుడు కేబుల్ లేకుండా బకెట్‌ను ఒక్క వేలితో ఎత్తి వదులు. తన బరువుకి తానే జారి పడాలి. పడకుండా సగంలో ఆగినా, కిర్రుమన్నా తప్పు ఇక్కడే ఉంది, కేబుల్ పాపం ఏమీ లేదు. రెండు పక్కల ఇరుసు బోల్టులుంటాయి. వాటి చుట్టూ నైలాన్ బుష్షులు. ముట్టుకాడు లాంటి ఉప్పుటేరులో ఇసక రేణువులు బుష్షులోకి దూరి గీరతాయి. పంపు అల్యూమినియం, బోల్టు స్టెయిన్‌లెస్, మధ్యలో ఉప్పునీళ్ళు. ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తినేసుకుపోయి సున్నంలాంటి తెల్లని పొడి పేరుకుంటుంది, బోల్టు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న బోల్టును పొడుగు స్పానర్‌తో బలంగా తిప్పావో, తల తెగి చేతికొస్తుంది. చొచ్చుకుపోయే నూనె రాసి ఒక రాత్రి వదిలెయ్యి. పొద్దున్న కొంచెం బిగించే వైపు తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పు. బుష్షులో పిన్ను టకటకలాడితే బుష్షు మార్చు. తిరిగి బిగించేటప్పుడు మర మీద తుప్పునాపే పేస్టు, బుష్షుకి నీళ్ళకు కరగని గ్రీజు. పక్కనే అల్యూమినియంకి బదులు తాను కరిగే జింకు ముక్క ఉంటుంది, అది సగానికి తరిగిపోయి ఉంటే అదీ మార్చు. అంటుకున్న గుల్లలను ఇనపచువ్వతో గీకకు, చెక్కముక్క చాలు.

బకెట్ హాయిగా జారుతోందా? అయితే కేబుల్ దగ్గరకు రా.

కేబుల్‌ను రెండు కొసలా విప్పి, చేత్తో తోసి లాగు. నేతిలో వేలు ఆడినట్టు ఆడాలి. పట్టుకుపోతుంటే ఆ కేబుల్ మార్చడమే, ఇంకో మందు లేదు. లోపల నూనె పోద్దామనుకుంటావు, మన మెకానిక్కులు చాలామంది పోస్తారు కూడా. ఇప్పటి కేబుళ్ళ లోపల జారుడు పొర ఉంటుంది, తయారైనప్పుడే జీవితకాలానికి కావలసిన గ్రీజు పెట్టి మూస్తారు. నువ్వు పోసిన నూనె రెండు వారాలు హాయిగా ఆడిస్తుంది, తర్వాత ఇసకనీ ఉప్పునీ పట్టుకుని జిగురవుతుంది. అసలు కేబుల్ ఎందుకు పట్టుకుపోయిందో చూడు. వెనక పలక గుండా బయటికొచ్చే చోట దానికి రబ్బరు తొడుగు ఉంటుంది, ముడతలు ముడతలుగా, ఏనుగు తొండంలా. ఆ ముడతలను వేళ్ళతో విప్పి లోపల చూడు. బయటికి బాగున్న తొడుగు ముడత లోపల చిట్లి ఉంటుంది. అక్కణ్ణించే నీళ్ళు కేబుల్‌లోకీ పోతాయి, పడవలోకీ పోతాయి. కొత్త కేబుల్ వేసి పాత తొడుగు ఉంచితే ఆరు నెలల్లో మళ్ళీ ఇదే పని.

ఒక గుర్తు చెప్తాను, బాగా గుర్తుపెట్టుకో. కేబుల్ లాగినప్పుడు పని చేసి, తోసినప్పుడు పని చేయకపోతే లోపలి తీగ తప్పు కాదు, పై తొడుగు కదులుతోందని అర్థం. తాడుతో లాగితే ఏదైనా వస్తుంది, తాడుతో తోయగలవా? ఈ కేబుల్ తోయగలుగుతోందంటే దాని పై తొడుగును క్లాంపు గట్టిగా పట్టుకుంది కాబట్టే. క్లాంపు వదులైతే లీవరు కేబుల్‌ను తోసినప్పుడు లోపలి తీగకు బదులు తొడుగే వెనక్కి జరుగుతుంది, మధ్యలో కేబుల్ పాములా మెలికపడుతుంది. రివర్స్ ఒక్కటే లేకపోవడానికి నేను ముందు అనుమానించేది దీన్నే. నీ స్నేహితురాలు లీవరు ఆడిస్తుంటే నువ్వు కేబుల్ పొడుగునా చెయ్యి వేసి చూడు. ఎక్కడ ఉబికితే అక్కడ తప్పు. వంపులు కూడా చూడు, 20 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే ముడుచుకున్న వంపు ఎక్కడా ఉండకూడదు. మన ఇంట్లో అన్నం తినే పెద్ద కంచం ఉంది కదా, కేబుల్ దాని అంచు కంటే బాగా విశాలంగా తిరగాలి. పాత యజమాని బ్యాటరీనో సామాన్ల పెట్టెనో జరిపి కేబుల్‌ను మూలకు నొక్కేసి ఉండొచ్చు.

లీవరు పెట్టె గురించి రెండు మాటలే. మూత విప్పితే లోపల గాడుల్లో పడే ఒక గుండు, స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు తుప్పుపడితే లీవరు గాడిలో నిలవక జారుతుంది. మధ్యలో ఒక బొత్తాం ఉంటుంది, ఇంజను వేడెక్కించేటప్పుడు బకెట్ కదలకుండా రేజు మాత్రమే ఇవ్వడానికి. అది లోపలికి ఇరుక్కుపోతే రేజు పెరుగుతుంది గానీ బకెట్ కదలదు. దీన్ని చూడకుండా కేబుల్ మార్చినవాళ్ళు ఉన్నారు. లీవరు న్యూట్రల్‌లో ఉన్నా స్టార్టు కాకపోతే పక్కనున్న చిన్న స్విచ్చు జరిగి ఉంటుంది, దాన్ని తిరిగి గాడికి తేవాలి. వైరు కలిపేసి దాటవేయకు.

ఇప్పుడు సర్దుబాటు. ఇక్కడే ఆ పాత తప్పు చెప్పాలి. చేసింది నేనే, మీది లాంటి పడవ మీదే.

ఆ పడవకు కూడా రివర్స్ రావడం లేదు. లీవరు పూర్తిగా వెనక్కి లాగినా బకెట్ కింది గీతకు 8 మిల్లీమీటర్లు పైనే ఆగిపోతోంది. కేబుల్ కొసన సన్నమర కడ్డీ ఉంటుంది, దాని మీద బకెట్‌ను పట్టే కొక్కెం మరతో ఎక్కి ఉంటుంది. ఆ మర ఒక్కో చుట్టుకి సుమారు 0.8 మిల్లీమీటర్లు జరుగుతుంది. పది చుట్లు వదులు చేస్తే 8 మిల్లీమీటర్లు. పది చుట్లు తిప్పాను. బకెట్ పూర్తిగా దిగింది. గట్టు దగ్గర రివర్స్ బ్రహ్మాండంగా వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను.

లెక్క చూడు తల్లీ. బకెట్ పై నుంచి కిందికి రావడానికి కేబుల్ 70 మిల్లీమీటర్లు నడవాలి అనుకో. లీవరు ఇచ్చేదీ 70. బుష్షులో కొంత, పిన్ను చిల్లులో కొంత, వదులు క్లాంపులో కొంత కలిపి 8 పోయాయి. మిగిలింది 62. కొక్కెం తిప్పడం వల్ల ఆ 62 పెరిగి 70 అవదు. పోయిన 8 మిల్లీమీటర్లు కింది వైపు నుంచి పై వైపుకి మారాయి, అంతే. రివర్స్‌లో బకెట్ పూర్తిగా దిగుతోందంటే, ముందుకి పోయేటప్పుడు పూర్తిగా లేవడం లేదని అర్థం. దాని పెదవి ధారలోకి వేలాడుతోంది.

నెమ్మదిగా పోయేటప్పుడు ఏమీ తెలియదు. వేగం పెరిగితే నాజిల్ నుంచి వచ్చే ధార చేత్తో అడ్డుకునేది కాదు, మనిషిని తోసేసే బలం. చాలా పంపుల్లో ఆ ధార పెదవికి తగిలితే బకెట్‌ను ఇంకా కిందికి లాక్కుంటుంది. దాన్ని ఆపుతున్నది ఆ సన్నని కడ్డీ, ఒక పిన్ను. గుర్తులు అన్నీ కనిపించాయి. పూర్తి వేగంలో పడవ మునుపటంత పోవడం లేదు. లీవరులో తేనెటీగ గుంయ్‌మన్నట్టు సన్నని వణుకు. బకెట్ పెదవి మీద ఒక వేలి వెడల్పున రంగుపోయి అద్దంలా మెరుస్తున్న గీత. ఆ మెరుపును నేను చూశాను. కొత్తగా తోమినట్టుందే అనుకుని వదిలేశాను.

ఇంకొకటి కూడా జరిగింది. పది చుట్లు వదులు చేశాక కొక్కెంలో కడ్డీ ఎంత లోతు మిగిలిందో చూడలేదు. నాలుగైదు చుట్లే మిగిలాయి. కనీసం ఎనిమిది చుట్లు పట్టి ఉండాలి, పైన లాక్ నట్టు బిగిసి ఉండాలి. వణుకుకి ఆ మర కొద్దికొద్దిగా అరిగి, ఒకనాడు పూర్తి వేగంలో కొక్కెం ఊడిపోయింది. బకెట్ ఒక్కసారిగా ధారలో పడింది. పడవ ముక్కు నీళ్ళలో గుచ్చుకుంది, ముందు నుంచి అలంత నీళ్ళు లోపలికి వచ్చాయి, ముందు సీట్లో మనిషి ముఖం అద్దానికి కొట్టుకుంది. రెండు పళ్ళు పోయాయి, పెదవికి కుట్లు పడ్డాయి. ప్రాణం మిగిలింది. ఆ మనిషికి నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది.

అందుకే నువ్వు సర్దుబాటు ఎప్పుడూ ముందు గాడి నుంచి మొదలుపెట్టు. లీవరు ముందు గాడిలో పెట్టి, బకెట్‌ను చేత్తో దాని పై ఆపు దాకా ఎత్తి పట్టుకో. ఆ స్థితిలో గూటం పిన్ను బలం అక్కర్లేకుండా, తోయకుండా చిల్లులోకి జారాలి. జారకపోతే కొక్కేన్ని అర చుట్టు చొప్పున తిప్పు. ఆ తర్వాతే వెనక గాడి చూడు. వెనక తక్కువైతే కొక్కెం ముట్టుకోకు. ఆ పోయిన మిల్లీమీటర్లు ఎక్కడ పోయాయో వెతుకు: బుష్షు, పిన్ను చిల్లు కోడిగుడ్డు ఆకారంలో అరిగిందా, క్లాంపు, పెట్టె లోపలి పళ్ళు. అవి దొరికితే రివర్స్ తానే వస్తుంది. దొరకకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఆ తగ్గినదాన్ని రెండువైపులకీ పంచడం మాత్రం చేయకు. ముందు నాలుగు, వెనక నాలుగు అని సరిపెట్టడం ఇంకా చెడ్డది, రెండూ పాడవుతాయి.

నిన్ను భయపెట్టాలని కాదు తల్లీ ఇదంతా. చిన్నప్పుడు రేడియో విప్పి మళ్ళీ బిగించి పాడించావు, నీ చేతులు ఎలాంటివో నాకు తెలుసు. అయితే రేడియో పాడకపోతే ఎవరి పళ్ళూ ఊడవు.

మీది కేబుల్ పడవ కాబట్టి ఇంత రాశాను. తర్వాతెప్పుడైనా కొత్తది కొంటే, 2009లో సీడూ కంపెనీ తెచ్చిన ఐబీఆర్ (బ్రేకూ రివర్సూ రెండూ బకెట్‌తోనే) లాంటి ఏర్పాటు ఉంటే, బకెట్‌ను మోటారు ఆడిస్తుంది. తాళం పెట్టగానే తనకు తానే పైకీ కిందికీ ఆడి సరిచూసుకుంటుంది. దాని దగ్గర వేళ్ళు పెట్టే ముందు బ్యాటరీ విప్పి తీరాలి. బ్యాటరీ నీరసించినా అది రివర్స్ తప్పు చూపిస్తుంది, కాబట్టి ముందు వోల్టులు కొలువు.

ఇక నీళ్ళలో పరీక్ష. ట్రైలరు మీద ఇంజను ఆడించాల్సి వస్తే నీళ్ళు లేకుండా కొన్ని సెకన్లకు మించి వద్దు. పైపు పెట్టి కడిగేటప్పుడు ముందు ఇంజను, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజను. తిరగేస్తే నీళ్ళు ఎగ్జాస్టు గుండా ఇంజనులోకి పోతాయి. ముట్టుకాడు అయితే ఇసక మేటలు ఎక్కువ, అడుగున కనీసం 90 సెంటీమీటర్ల నీళ్ళున్న చోటు చూసుకో. తక్కువైతే పంపు ఇసక పీలుస్తుంది, నువ్వు మార్చిన బుష్షులూ వేర్ రింగూ ఒక్క పూటలో పోతాయి.

ముందొకటి, వెనకొకటి తాళ్ళు కట్టు. తాడు కొస నీళ్ళలో వేలాడకూడదు, జల్లెడ దాన్నే ముందు లాక్కుంటుంది. ఇంజను మామూలు తిరుగుడులో ఉంచి, లీవరు న్యూట్రల్‌లో పెట్టి రెండు తాళ్ళనీ చూడు. రెండూ వదులుగా ఉంటే బాగుంది. ముందు తాడు బిగిస్తే పడవ వెనక్కి లాగుతోంది, బకెట్ ఎక్కువ దిగింది. వెనక తాడు బిగిస్తే ముందుకి పోతోంది. ముందు గాడి సరిగ్గా పెట్టి ప్లే తీసేసిన పడవకు ఇది దాదాపు తానే కుదురుతుంది. కుదిరాక ఇంజను ఆపి, ఆ చోట మూడో గీత గియ్యి.

రివర్స్‌లో మెల్లగా రేజు ఇవ్వు. 2000, మహా అయితే 2500 ఆర్‌పీఎం. ఇంకా ఇస్తే ముందుకి మళ్ళిన నురగనీళ్ళు పడవ కింద నుంచి పోయి జల్లెడలోనే దూరతాయి, పంపు గాలి మింగుతుంది, రొద పెరుగుతుంది, పడవ కదలదు. చాలామంది దీన్నే "రివర్స్ లేదు" అంటారు. ఒకవేళ పాత యజమాని అన్నదీ ఇదే కావచ్చు, ముందు ఇది కూడా చూడు. వేగంగా పోతూ లీవరు వెనక్కి ఎప్పుడూ లాగకు, పడవ వేగం తగ్గి నీళ్ళలో పూర్తిగా కూర్చున్నాకే. రివర్స్‌లో స్టీరింగు తిప్పితే వెనకభాగం ఎటు పోతుందో గట్టుకు దూరంగా ఉన్నప్పుడే నేర్చుకో, ఒక్కో పంపుది ఒక్కో పద్ధతి.

కాగితాల సంగతి మీ నాన్న చూస్తాడు. 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కింద మోటారు పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. వరదలో పోవాలంటే ఫైర్ సర్వీసు వాళ్ళతో కలిసే పో. లైఫ్ జాకెట్ గురించి నీకు చెప్పక్కర్లేదు.

వరద గురించి చెప్పి ముగిస్తాను, నన్ను నిద్రపోనివ్వనిది అదే. జెట్ పడవకు బయట రెక్కలు లేవు, మనుషుల దగ్గరకు నిర్భయంగా పోవచ్చు అని ఎవరో చెప్పారట నీకు. 1950లలో న్యూజీలాండ్‌లో బిల్ హామిల్టన్ ఈ జెట్‌కి రూపు దిద్దింది లోతులేని రాతి నదుల కోసం, అక్కడ ప్రొపెల్లర్ పగిలిపోతుంది కాబట్టి. లోతు తక్కువ నీళ్ళలో దీన్ని మించింది లేదు. కానీ వేళచ్చేరి వీధిలో నీళ్ళ మీద ఏముంటుంది? చీరలు, దుప్పట్లు, తాళ్ళు, ప్లాస్టిక్ సంచులు. నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ ముసలావిడ కొంగు నీళ్ళ మీద తేలుతుంటుంది. నువ్వు న్యూట్రల్‌లో ఉన్నానని ఆమె పక్కకు పోతావు. అడుగున జల్లెడ పీలుస్తూనే ఉంటుంది.

మనిషికి పడవ పొడవంత దూరం ఉండగానే ఇంజను ఆపు. మిగతా దూరం గెడకర్రతో పో, లేదా తాడు విసిరి లాక్కో. ఎక్కించేది పక్కనుంచి. వెనక నుంచి ఎవ్వరినీ ఎక్కించకు, ఆ ధార దగ్గరగా తగిలితే ఒళ్ళు చీల్చేస్తుంది. అందరూ కూర్చున్నాక, నీళ్ళలో ఏ గుడ్డా వేలాడటం లేదని చూశాక స్టార్టు చెయ్యి. జల్లెడలో ఏదైనా ఇరుక్కుంటే ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, అప్పుడు చెయ్యి పెట్టు. "ఒక్క సెకను, ఆడుతుండగానే లాగేస్తా" అనే స్నేహితుడు మీలో ఒకడుంటాడు. వాడికి తాళం ఇవ్వకు.

పడవలో ఎప్పుడూ ఉండాల్సినవి: స్టెయిన్‌లెస్ స్ప్లిట్ పిన్నులు పది, గూటం పిన్నులు రెండు, నైలాక్ నట్లు నాలుగు, ఒక కొక్కెం, పది నంబరు స్పానర్లు రెండు, ముక్కు కటింగ్ ప్లేయరు, తాడు కోసే కత్తి, రెండు మీటర్ల గట్టి తాడు. కేబుల్ తెగితే ఆ తాడుతో బకెట్‌ను పై ఆపుకు కట్టేసి, రివర్స్ లేకుండా నెమ్మదిగా ముందుకి ఇంటికి రావచ్చు. న్యూట్రల్ కూడా ఉండదు, గట్టు దగ్గర ఇంజను ఆపడమే బ్రేకు. పిన్నులూ నట్లూ లింగిచెట్టి వీధి హార్డ్‌వేర్ కొట్లలో అడుగు. 316 రకం స్టెయిన్‌లెస్ అని చెప్పి అడుగు, మెరిసేదల్లా స్టెయిన్‌లెస్ కాదు.

మీరు విప్పిన పాత గూటం పిన్నూ బుష్షులూ పారేయకు, ఒక డబ్బాలో వేసి ఉంచు. అరుగుడు ఎటువైపు ఎక్కువుందో చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. నేను ఆదివారం పొద్దున వస్తాను. అప్పటికి బకెట్ మీద పై గీత, కింది గీత గీసి, ప్లే ఎంతో కాగితం మీద రాసి ఉంచు. నీళ్ళలోకి మాత్రం నేను రాకుండా దించకు.

మీ మామయ్య
రాయపురం, చెన్నై